ఐదు గంటల లెక్క

మా అన్న పద్దెనిమిదేళ్లు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కంకర క్రషర్లలో టిప్పర్ నడిపాడు, లోడుకింతని సర్కారుకు రాయల్టీ కట్టిన చీటీ జేబులో పెట్టుకుని. దుమ్ము వెనక ట్రాలీలో మాత్రమే లోడవుతోందని అనుకున్నాడు. ఊపిరితిత్తుల్లోకి కూడా లోడయిందని డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పినప్పుడు, ఆ ఫిల్మును కాసేపు వెలుతురుకు పట్టి చూసి, "దీనికి రాయల్టీ ఎవరికి కట్టాలె సార్" అని అడిగాడు. డాక్టరు నవ్వలేదు. అప్పుడే నాకు సంగతి కొంత అర్థమైంది.

అప్పటినుంచి అన్న ముక్కుకు ఒక సన్నని పైపు, ఆ పైపు అవతలి కొసకు ఒక మిషన్. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరు చేసి పంపిస్తుంది. చిన్న ఫ్రిజ్ అంత ఉంటుంది, ఫ్రిజ్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది. దానికి కావలసిందల్లా కరెంటు. కరెంటు లేని వేళకు తోడుగా ఆస్పత్రి వాళ్లు చెప్పిన ఒక ఆక్సిజన్ సిలిండరు, అన్న మంచం తల దగ్గర.

అన్నకు ఆ సిలిండరంటే గిట్టేది కాదు. "వచ్చినోళ్లు నన్ను చూస్తలేరు, దాన్ని చూస్తున్నరు. నేను దానికి తోడుకొచ్చినట్టున్న" అనేవాడు. వదినకు వేరే భయం. పక్కనే వంటగది, అందులో గ్యాస్ పొయ్యి. రెండు సిలిండర్లు ఒకే ఇంట్లో ఎదురెదురుగా ఉండటం ఆమెకు నచ్చలేదు.

ఇక్కడ నేను కల్పించుకున్నాను. నాది బీఎస్సీ. ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పని. వారానికి ఆరు రోజులు, ఇంజనీర్లు కాబోయే పిల్లల హాజరు పట్టీలు చూస్తాను. ఆ పట్టీల మీదుగా నాకు కొంత ఇంజనీరింగ్ అంటుకుందని నా నమ్మకం. అన్నా వదినా కింద ఉంటారు, నేను పైన గదిలో. ఇంట్లో ఇన్వర్టర్ పాతదే ఉంది గాని బ్యాటరీ పోయింది. పెద్దది, నూటయాభై ఆంపియర్-అవర్ అని రాసి ఉన్నది, ఇబ్రహీంపట్నం మెయిన్ రోడ్డు మీద దుకాణంలో కొని తెచ్చాను. కొన్న రోజే క్యాలెండరు వెనక లెక్క వేశాను. నూటయాభై ఇంటూ పన్నెండు వోల్టులు, పద్దెనిమిది వందలు. అన్న మిషన్ తాగేది మూడు వందల యాభై వాట్లు. భాగిస్తే ఐదు గంటల ఎనిమిది నిమిషాలు. ఎందుకైనా మంచిదని ఆ ఎనిమిది నిమిషాలూ తీసేశాను. జాగ్రత్త మనిషిని.

"నిజంగ ఐదు గంటలొస్తదా?" అని వదిన రెండుసార్లు అడిగింది.

"వదినా, ఇది లెక్క" అన్నాను.

"వాడు డిగ్రీ చదివిండు, వాన్ని అడుగుతవేంది" అన్నాడు అన్న.

మా దగ్గర కరెంటు ఐదు గంటలు పోయిన రోజు ఎవరికీ జ్ఞాపకం లేదు. సిలిండరు తిరిగి పంపించేశాం. దాన్ని తీసుకెళ్లిన రోజు అన్న ఇల్లంతా కొత్తగా కొన్నట్టు చూసుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు నా లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. కరెంటు పది నిమిషాలు పోయేది, ఇరవై నిమిషాలు పోయేది, ఇన్వర్టర్ అందుకునేది. పది నిమిషాల పరీక్షలో ఐదు గంటల లెక్క ఎప్పుడూ తప్పదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు మే నెల ఒక ఆదివారం దాకా పట్టింది.

ఆ రోజు పొద్దున తొమ్మిదికి కరెంటు తీశారు. గాలులొచ్చే రోజులని లైన్ మీది కొమ్మలు కొట్టిస్తున్నారు. పదిన్నరకు ఇచ్చారు. గంటన్నర సేపు ఇన్వర్టర్ నిబ్బరంగా లాగింది. నా మీద నాకు గౌరవం పెరిగింది. కరెంటు రాగానే ఇన్వర్టర్ మీద చార్జింగ్ దీపం వెలిగింది. దీపం వెలగడం, బ్యాటరీ నిండటం ఒకటే అని నేను అనుకున్నాను. ఆలోచించి అనుకున్న మాట కాదు, అలా ఉండిపోయింది.

ఒంటిగంటకు ఆకాశం నల్లబడింది. గాలి మొదట రేకుల మీద నడిచింది, తర్వాత రేకుల్ని తీసుకుని నడిచింది. వాన అడ్డంగా కొట్టింది. మా వాడ మొదట్లో ఏదో పెద్దగా విరిగిన చప్పుడు, ఆ వెంటనే కరెంటు పోయింది. ఇన్వర్టర్ క్లిక్‌మని అందుకుంది. మిషన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

గాలి కాస్త తగ్గాక వెళ్లి చూశాను. వాడకున్న ఒకే ఒక దారికి అడ్డంగా సిమెంటు స్తంభం పడి ఉంది. తీగలు నీళ్లలో. అవతల కొందరు, ఇవతల కొందరు నిలబడి, దగ్గరికి రావద్దని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నారు. అందరూ ఆ సలహా బాగా పాటిస్తున్నారు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే, "ఫీడర్ బంద్ జేయించిన. కని స్తంభం లేపాలంటే మనుషులు రావాలె, బండి రావాలె. అంతటా పడ్డయి. సాయంత్రం అయితది" అన్నాడు.

సాయంత్రమంటే ఐదో ఆరో. ఇప్పుడు ఒకటిన్నర. నా లెక్క ప్రకారం ఆరు దాకా ఫికర్ లేదు. ఇంటికి వచ్చి అన్నకు అదే చెప్పాను. కుర్చీలో కూర్చుని పేపరు తెరిచాను.

కరెంటు పోయి యాభై నిమిషాలు కూడా కాలేదు. ఇన్వర్టర్ కూత మొదలుపెట్టింది. రెండు క్షణాలకొక కూత.

ఆ కూత నేను అంతకు ముందు వినలేదు. అయినా దాని అర్థం ఒంటికి ముందే తెలిసింది. దగ్గరికెళ్లి చూస్తే ఎర్ర దీపం. నేను దాన్ని అరచేత్తో తట్టాను. బీఎస్సీలో నేర్చుకున్నవాటిలో ఆ నిమిషానికి చేతికి వచ్చింది అదొక్కటే.

వదిన వంటగదిలోంచి వచ్చి నిలబడింది. "ఏమైంది?"

"ఏం లేదు. బ్యాటరీ తక్కువున్నదని చెప్తుంది."

"ఐదు గంటలంటివి గద."

వాడలో వాళ్లు చార్జింగుకు పెట్టిన ఫోన్లు నాలుగు ఉన్నాయి, వాటిని పీకేశాను. దానివల్ల అరనిమిషం కలిసొచ్చి ఉంటుంది. మా ఇంట్లో రెండు ఫ్యాన్లు ఆపాను. అప్పుడు తెలిసింది, ఫ్యాన్లు నా లెక్కలోనే లేవు. ఫ్యాన్లను నేను కరెంటు తాగే వస్తువులుగా ఎప్పుడూ చూడలేదు, ఇంట్లో మనుషుల్లాగే చూశాను. ఆ తర్వాత గోడ మీదుగా పక్కింటికి వెళ్లే తీగ గుర్తొచ్చింది. మా వాడలో ఇన్వర్టర్ ఉన్న ఇల్లు పక్కింటికి ఒక ఫ్యాను తీగ ఇవ్వడం మర్యాద. ఇవ్వకపోతే పెళ్లిపత్రిక కూడా ఆలస్యంగా వస్తుంది. ఆ తీగా లాగేశాను.

రెండు నిమిషాల్లో పక్కింటాయన లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. వరస కలిపి బావ అంటాం. సొంత పికప్ బండి, పొద్దున్నే మామిడి లోడు మార్కెట్టుకు వేసి మధ్యాహ్నం నిద్రపోతాడు.

"ఏం బామ్మర్దీ, నిద్రల ఉన్నోని మీద కక్ష తీర్చుకుంటున్నవా. ఫ్యాను బందైంది."

"బ్యాటరీ అయిపోతుంది బావా. అన్న మిషన్."

బావ మొహంలో నిద్ర ఒక్కసారి వెళ్లిపోయింది. లోపలికొచ్చి అన్న పక్కన నిలబడ్డాడు. అన్న మంచం మీద వెనక్కి ఆనుకుని, పైపు సరిచేసుకుని, నా వైపు చూశాడు. అన్న మాట్లాడితే ఊపిరి ఖర్చవుతుంది, అందుకని మాటలు ఎంచి వాడతాడు.

"నీ లెక్క ప్రకారం," అని ఆగి, ఊపిరి తీసుకుని, "నాకింక నాలుగు గంటలున్నది గద ర" అన్నాడు.

నేను జేబులోంచి ఫోన్ తీశాను.

అంబులెన్సుకు ఫోన్ చేశాను. సాగర్ రోడ్డు మీద చెట్లు పడ్డాయట. వచ్చినా స్తంభం అవతలే ఆగాలి, ఎంతసేపు పడుతుందో చెప్పలేమన్నారు. మోసుకుపోదామన్నా అన్నకు పైపు లేకుండా ఆ దూరం, ఆ తీగల పక్కనుంచి కుదరదు. ఇక మిగిలింది బ్యాటరీ అమ్మిన దుకాణం. ఫోన్ చేసి, కూత మొదలైందని, బ్యాటరీ కొత్తదేనని, దానికి ఆక్సిజన్ మిషన్ ఉందని గబగబా చెప్పాను.

"ఎన్ని గంటలొస్తదని చెప్పిన్రు సార్ నీకు?"

"ఎవరూ చెప్పలే. నేనే లెక్కేసిన. ఐదు."

"ఒక్క మాట నన్ను అడగకపోతివి. మీ తాన బోరున్నదా?"

"ఉన్నది."

"సన్నగ తీస్కుంటె రోజంత పోస్తది. ఫుల్లు మోటరేసి గుంజితే ఏమైతది?"

"గాలి కొడతది."

"గదే. ఆ నూటయాభై అనేది, ఇరవై గంటలు సన్నగ తీస్కుంటె వచ్చే లెక్క. డబ్బా మీద చిన్నగ రాసుంటది. నువ్వు మిషన్, ఫ్యాన్లు అన్ని పెట్టి జోరుగ గుంజితివి. జోరుగ గుంజితే లోపల ఉన్నది కూడ బయటికి రాదు. పొద్దుగాల కరెంటు పోయిందా?"

"గంటన్నర."

"మళ్ల ఎంతసేపు చార్జింగయింది?"

"రెండున్నర గంటలు."

"నిండుటానికి పది పన్నెండు గంటలు గావాలె. నువ్వు సగం కుండ మీద మూత పెట్టి నిండిందనుకున్నవ్."

బోరు సంగతి నాకు పదేళ్ల వయసు నుంచే తెలుసు. నీళ్లు గుంజి గుంజి గాలి కొట్టగానే మోటరు బంద్ చేసి, గంట సేపు ఊరనిచ్చి మళ్లీ వేయడం ఈ చుట్టుపక్కల నడక నేర్చినవాళ్లందరికీ తెలుసు. నేను డిగ్రీలో చేరాక మర్చిపోయాను.

"బండేదన్న ఉన్నదా దగ్గర?" అన్నాడు దుకాణం ఆయన. "కారు, పికప్ ఏదైన. స్టార్ట్ జేసి దాని బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలియ్యి. కని ఒక్కటి. నీ ఖాళీ బ్యాటరీ వైర్లు తీసెయ్యాలె. ఉంచితివంటే, బండి నుంచి వచ్చేదంత ముందుగాల అదే తాగుతది. మీ అన్నకు మిగలదు."

బావ అప్పటికే గుమ్మం దాటాడు.

బండి స్టార్టయిన చప్పుడు వినిపిస్తుండగానే ఇన్వర్టర్ ఒక పొడుగు కూత కూసి ఆగింది. మిషన్ ఆగింది. నెలల తరబడి ఇంట్లో ఆగని ఆ రొద ఆగితే, ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది. వాన చప్పుడు లోపలికి వచ్చింది.

వదిన అన్న వేలికి క్లిప్పు పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతో చూపించే చిన్న మిషన్, సెల్లు మీద నడుస్తుంది. తొంభై రెండు. కాసేపటికి ఎనభై తొమ్మిది. వదిన అంకెలు పైకి చదవడం మానేసింది. క్లిప్పు నా వైపు కొంచెం తిప్పింది.

రెండు మూడు నిమిషాలు గడిచాక నాకు బోరు గుర్తొచ్చి, ఇన్వర్టర్ స్విచ్ ఆపి మళ్లీ వేశాను. పచ్చ దీపం వెలిగింది. మిషన్ గర్రుమంది. వదిన "వచ్చింది" అంది, మెల్లగా, పైకి అంటే పోతుందేమో అన్నట్టు. నిమిషన్నర నడిచింది. ఆగిపోయింది. ఊరిన నీళ్లు అంతే. మొదటిసారి ఆగినప్పటి కంటే ఈసారి ఎక్కువ భయమేసింది, ఎందుకంటే ఆ నిమిషన్నర నేను దేవుణ్ణీ ఇన్వర్టర్‌నూ కలిపి పొగిడేశాను.

బావ అలవాటు కొద్దీ బండిని రివర్సులో మా గేటులోకి తెస్తున్నాడు. వదిన వానలోకి ఉరికి బండి వెనక నిలబడి దాని వెనక తలుపు మీద చేత్తో కొట్టింది.

"మూతి ఇటు పెట్టు. పొగ లోపటికొస్తది."

నాకు తట్టలేదు, బావకు తట్టలేదు. ఊపిరి కోసం తెచ్చిన బండి పొగ గొట్టం అన్న కిటికీ కిందే వచ్చి ఆగేది. ఆ సన్నని వాడలో బావ బండిని ముందుకీ వెనక్కీ జరుపుతూ తిప్పాడు. ఎన్నిసార్లు జరిపాడో లెక్క పెట్టలేదు. లోపల అంకె ఎనభై నాలుగు.

ఇన్వర్టర్‌కు, బ్యాటరీకి కింద చక్రాల బల్ల ఉంది. దాన్ని గుమ్మం దాకా తోశాను. బావ దగ్గర మందపాటి కేబుళ్లున్నాయి. తన బండి బ్యాటరీ తరచూ మొండికేస్తుంది గనుక ఆయన వాటిని సీటు కింద ఉంచుకుంటాడు. ఆ బండి బ్యాటరీ గురించి నేను ఏడాదిగా వేసిన వెక్కిరింపులన్నీ ఆ నిమిషంలో వెనక్కి తీసుకున్నాను. పానా పట్టుకుని ఖాళీ బ్యాటరీ నట్లు విప్పబోతే రెండుసార్లు జారి, మూడోసారికి వైర్లు విడిపోయాయి.

"ఎర్రది ఎటు బావా?"

"ఎర్రది ఎర్రదానికి" అన్నాడు పదో తరగతి దాటని మా బావ, నా చేతిలోంచి కొస తీసుకుంటూ. "జరుగు. నీ చేతులు సెల్ ఫోన్ లెక్క వణుకుతున్నయి."

లోపల్నుంచి వదిన గొంతు. "డెబ్బై తొమ్మిది."

ఆమె పైకి చదివింది. అంటే చదవక తప్పలేదు.

కేబుల్ తగిలింది. చిన్న మెరుపు. స్విచ్ వేశాను. పచ్చ దీపం. మిషన్ గర్రుమని లేచింది. లోపలికి ఉరికాను. అన్న పెదవుల రంగు నాకు నచ్చలేదు, ఇంతకంటే చెప్పను. కళ్లు తెరిచే ఉన్నాయి. మిషన్ లేచాక దానిలో ఆక్సిజన్ చిక్కబడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ సంగతి దాని పుస్తకంలో ఉంది, అది మాత్రం నేను సరిగ్గా చదివాను. చదవకపోయినా బాగుండేది. ముగ్గురం ఎర్ర అంకెల వైపే చూస్తూ నిలబడ్డాం. డెబ్బై తొమ్మిది. డెబ్బై తొమ్మిది. ఎనభై. మళ్లీ డెబ్బై తొమ్మిది. ఎనభై రెండు.

ఎనభై ఎనిమిది దగ్గర వదిన మంచం పట్టె మీద కూర్చుంది. చీర కొంగు పిండుకుంది. అంతసేపూ తడి చీరతోనే ఉందని అప్పుడే చూశాం.

దుకాణం ఆయన మళ్లీ ఫోన్ చేసి, ఇంజన్ ఊరికే తిరిగితే చాలదు, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి ఉంచమన్నాడు. తక్కువ తొక్కితే ఆ బ్యాటరీ కూడా ఖాళీ అవుతుందట. మొదట బావ కూర్చున్నాడు. గంట తర్వాత నేను కూర్చున్నాను. బండి లోపల మామిడి వాసన, నిమ్మకాయ, ఎప్పటివో బీడీ పొగలు. పెడల్ మీద నా కుడి పాదం. పాదం కొంచెం తేలితే ఇంజన్ గొంతు తగ్గేది, కిటికీలోంచి మిషన్ గొంతు తగ్గినట్టు అనిపించేది, మళ్లీ తొక్కేవాణ్ణి. కొంతసేపటికి పిక్క పట్టేసింది. కాలు మార్చుకోవచ్చు, ఎడమ కాలు పెట్టొచ్చు. ఆ మార్చే అరక్షణం ధైర్యం నాకు లేదు. మా అన్న ఊపిరి నా పాదం కింద ఉంది. డీజిల్ ముల్లు సగానికి కొంచెం కింద. నేను దాన్ని భాగించలేదు. ఎన్ని గంటలొస్తుందని బావను కూడా అడగలేదు.

మధ్యలో బావ కిటికీ దగ్గరికొచ్చి టీ గ్లాసు అందించాడు. "మీ అన్న అడుగుతున్నడు, డ్రైవింగ్ లైసెన్సున్నదా వానికి అని."

"లేదని చెప్పు."

"చెప్పిన. అందుకే భయమైతుందంటున్నడు."

ఆరున్నరకు కరెంటు వచ్చింది. ఇంకా వెలుతురుంది. బండి దిగబోతే కాలు నా మాట వినలేదు, బావ పట్టుకుని దించాడు. లోపలికి వెళితే అన్న నిద్రపోతున్నాడు, తొంభై మూడు. వదిన ఆ క్లిప్పు తీయలేదు. నేను ఆమెతో ఏదో చెప్పాలనుకున్నాను. "వదినా, సిలిండరు" అన్నాను.

"రేపు పొద్దున్నె" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సిలిండరు మర్నాడే వచ్చింది. అన్న దాన్నేమీ అనలేదు. చుట్టాలొస్తే దాని మీద తువ్వాల కప్పుతాడు, అంతే.

వారం తిరగక ముందే వదిన అడిగింది. "ఇప్పుడు మళ్ల కరెంటు పోతె, నిండుగున్న బ్యాటరీ ఎంతసేపొస్తది?"

"తెల్వదు" అన్నాను. ఇంట్లో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి అనుకుంటా. వదిన కొంచెం ఆశ్చర్యంగా చూసింది.

తెలుసుకోవాలంటే ఒకటే దారి అన్నాడు దుకాణం ఆయన. బ్యాటరీని శనివారం పొద్దున్నుంచి ఆదివారం పొద్దుటి దాకా నిండనిచ్చాం. ఆయన దగ్గర బ్యాటరీలు పరీక్షించే బల్బుల పలక ఉంది, అన్న మిషన్ ఎంత తాగుతుందో అంతే తాగేలా బల్బులు వేసి ఇచ్చాడు. అన్న మిషన్ మామూలు కరెంటు మీదే, పక్కన సిలిండరు. ఫ్యాన్లు, ఫోన్లు, గోడ తీగ ఏవీ లేవు. పదింటికి ఇన్వర్టర్ మీద బల్బులు వేసి, అన్న, వదిన, నేను ఎదురుగా కూర్చున్నాం. పట్టపగలు వెలిగే బల్బుల్ని చూస్తూ కూర్చోవడం అంత కష్టమని తెలియదు. వదిన బియ్యం ఏరుతోంది గాని చాట వైపు చూడటం లేదు. కూత వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. నేను కుర్చీలోంచి సగం లేచాను, అన్నకేమీ కాదని తెలిసే.

రెండు గంటల ముప్ఫై ఐదు నిమిషాలకు బల్బులు ఒక్కసారే ఆరిపోయాయి.

వదినా నేనూ బల్బుల వైపు చూడలేదు. ఇద్దరం ఒకేసారి అన్న ముక్కు వైపు చూశాం. మిషన్ తన రొద తాను పెడుతూనే ఉంది.

"ఉన్న, ఉన్న" అన్నాడు అన్న. "టైం ఎంతైందో రాస్కో ర."

అన్న ముక్కు మీంచి చూపు తీయకుండానే, క్యాలెండరు వెనక ఆ పాత ఐదు గంటల కింద రాశాను. ఆ అంకె ఎంతో చదివి చెప్పమని వదిన అడిగితే, నా చేతిరాత నేనే కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది.